ప్రపంచ సంక్షోభాల భారం వర్ధమాన దేశాలపైనే ఎక్కువగా ఎందుకు పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2020 నుంచి ప్రపంచం వరుసగా మూడు పెద్ద దెబ్బలు తిన్నది. మొదట కోవిడ్ వచ్చింది, తర్వాత ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, ఆ వెంటనే సంపన్న దేశాల కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లను శరవేగంగా పెంచాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కొలంబోలోనో, ఢాకాలోనో, ఘనా రాజధాని అక్రాలోనో పుట్టింది కాదు. అయినా ఆ దెబ్బలకు ఎక్కువగా చితికిపోయింది అక్కడి జనమే. ఇలా ఎందుకు జరుగుతుందని అడిగేవారికి ఎదురయ్యే సందేహాలను, వాటికి సమాధానాలను ఇక్కడ వివరిస్తున్నాం.

వర్ధమాన దేశాలు అంటే ఏ దేశాలు?

ప్రపంచ బ్యాంకు తలసరి ఆదాయాన్ని బట్టి దేశాలను నాలుగు తరగతులుగా విభజిస్తుంది. అధికాదాయ తరగతిలోకి రాని దేశాలన్నింటినీ స్థూలంగా వర్ధమాన దేశాలు అనుకోవచ్చు. భారత్, బ్రెజిల్ వంటి పెద్ద ఆర్థిక వ్యవస్థలూ, మలావీ వంటి నిరుపేద దేశాలూ ఒకే పేరు కిందికి రావడం వల్ల కొంత గందరగోళం తప్పదు కనుక, కింది సమాధానాల్లో వీలైనంత వరకు ఏ దేశం సంగతో పేరు పెట్టి చెప్పాం.

దెబ్బ అందరికీ తగిలినప్పుడు నష్టం మాత్రం పేద దేశాలకే ఎక్కువ ఎందుకు?

ఊళ్లో కరువు వచ్చినప్పుడు గాదెలో ధాన్యం ఉన్న రైతుకూ, ఏ రోజు కూలితో ఆ రోజు పొయ్యి వెలిగించే కుటుంబానికీ వాన ఒకేలా మొహం చాటేస్తుంది. కానీ ఆ ఏడాది ముగిసేసరికి ఇద్దరి స్థితీ ఒకేలా ఉండదు. దేశాల మధ్య తేడా కూడా ముఖ్యంగా దెబ్బ తీవ్రతలో కాకుండా, దాన్ని తట్టుకుని నిలబడటానికి చేతిలో ఉన్న వెసులుబాటులో ఉంటుంది. అమెరికా ప్రభుత్వం 2020 మార్చిలో ఒక్క చట్టంతో సుమారు 2.2 లక్షల కోట్ల డాలర్ల సహాయ కార్యక్రమాన్ని ప్రకటించింది. అది ఆ దేశ వార్షిక ఉత్పత్తిలో దాదాపు పదో వంతు. అంత డబ్బును అది సొంత కరెన్సీలో, నామమాత్రపు వడ్డీకి అప్పు తెచ్చుకోగలిగింది. అదే నెలలో అంతర్జాతీయ మదుపరులు వర్ధమాన దేశాల మార్కెట్ల నుంచి తమ సొమ్మును పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. అంటే అప్పు అత్యవసరమైన సమయంలోనే ఆ దేశాలకు అప్పు పుట్టకుండా పోయింది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలిన ప్రశ్నల్లో చాలావాటికి దారి దొరుకుతుందని మా అభిప్రాయం.

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2020లో సుమారు 7 కోట్ల మంది తీవ్ర పేదరికంలోకి కొత్తగా జారిపోయారు. 1990లో ఇలాంటి లెక్కలు మొదలైన తర్వాత ఒకే సంవత్సరంలో ఇంతటి పెరుగుదల ఎన్నడూ లేదు.

అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగితే ఎక్కడో ఉన్న ఘనా ఎందుకు కష్టాల్లో పడాలి?

అంతర్జాతీయ వర్తకంలో అధిక భాగం డాలర్లలో జరుగుతుంది. పేద దేశాలకు విదేశాల్లో అప్పు ఇచ్చేవారు కూడా సాధారణంగా ఆ దేశాల సొంత కరెన్సీలో ఇవ్వరు. పన్నులు ఘనాలో సెడీల్లోనో, జాంబియాలో క్వాచాల్లోనో, అంటే సొంత కరెన్సీలో వసూలవుతాయి, వాయిదాలు మాత్రం డాలర్లలో కట్టాలి. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ 2022 మార్చి వరకు దాదాపు సున్నా వద్ద ఉంచిన వడ్డీ రేటును 2023 జులై నాటికి 5.25–5.50 శాతానికి చేర్చింది. అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే నిశ్చింతగా అయిదు శాతం వస్తున్నప్పుడు, మదుపరులు ఆఫ్రికా దేశాల బాండ్లు కొనడానికి ఇంకా ఎంతో ఎక్కువ వడ్డీ అడుగుతారు, లేదా అసలు కొనరు. అదే సమయంలో డాలర్ బలపడి స్థానిక కరెన్సీ పడిపోతుంది. దాంతో కొత్తగా ఒక్క డాలర్ కూడా అప్పు చేయకపోయినా, పాత అప్పు స్థానిక కరెన్సీ లెక్కలో పెరిగిపోతుంది. పెట్రోలు, మందులు, గోధుమల వంటి దిగుమతుల ధరలు కూడా దానితో పాటే పెరుగుతాయి.

ఘనాలో 2022లో జరిగింది ఇదే. అక్కడి సెడీ విలువ ఒక దశలో సగానికి పైగా పడిపోయింది, డిసెంబరులో ద్రవ్యోల్బణం 54 శాతం దాటింది, అదే నెలలో ప్రభుత్వం విదేశీ అప్పుల్లో చాలావాటిపై చెల్లింపులు నిలిపివేసింది. రాగి ఎగుమతులపై ఆధారపడిన జాంబియా అంతకు రెండేళ్ల ముందే, 2020 నవంబరులో, చేతులెత్తేసింది. ఇది కొత్త విషయం కూడా కాదు. 1980ల ఆరంభంలో అమెరికా తన ద్రవ్యోల్బణాన్ని అదుపు చేసుకోవడానికి వడ్డీ రేట్లను 20 శాతం దరిదాపులకు తీసుకువెళ్లినప్పుడు, 1982 ఆగస్టులో మెక్సికో మొదలుకొని లాటిన్ అమెరికా దేశాలు వరుసగా అప్పులు తీర్చలేని స్థితికి చేరాయి.

అమెరికా కేంద్ర బ్యాంకు తన ప్రజల కోసం నిర్ణయాలు తీసుకోవడం తప్పు కాదు. అయితే ఆ నిర్ణయాల ఫలితాన్ని అనుభవించే కోట్లాది మందికి వాటిలో ఎలాంటి పాత్రా లేకపోవడం ప్రస్తుత ఏర్పాటులోని ఒక పెద్ద లోపం. దాన్ని లోపంగా గుర్తించి మాట్లాడటానికి కూడా చాలామంది సందేహిస్తారు.

శ్రీలంక పరిస్థితికి అక్కడి పాలకులే కారణం కదా, ప్రపంచాన్ని నిందించడం ఎందుకు?

పాలకుల తప్పిదాలు నిస్సందేహంగా ఉన్నాయి. 2019 చివర్లో విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాకు గండి కొట్టుకున్నారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి, వరి, తేయాకు దిగుబడులు దెబ్బతిన్న తర్వాత అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గారు. అంతర్జాతీయ మార్కెట్లో డాలర్ బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు అప్పటికే తలకు మించిపోయింది.

కానీ కథలో రెండో సగాన్ని కూడా చూడాలి. శ్రీలంకకు డాలర్లు ప్రధానంగా పర్యాటకం, విదేశాల్లో పనిచేసేవారు పంపే సొమ్ము, తేయాకు, దుస్తుల ఎగుమతుల నుంచి వస్తాయి. 2019 ఈస్టర్ నాటి బాంబు దాడులతో కుంటుపడిన పర్యాటకం మరుసటి ఏడాది కోవిడ్‌తో పూర్తిగా ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై చమురు ధరలు భగ్గుమన్నాయి. 2019 చివర్లో సుమారు 760 కోట్ల డాలర్లుగా ఉన్న విదేశీ మారక నిల్వల్లో, 2022 మే నాటికి వాడుకోవడానికి వీలైనవి 5 కోట్ల డాలర్లు కూడా లేవని ఆ దేశ ఆర్థిక మంత్రే పార్లమెంటుకు చెప్పారు.

నిల్వలు అడుగంటడం అంటే నిత్యజీవితంలో ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. 2022 మార్చిలో కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలను వాయిదా వేశారు. ప్రశ్నపత్రాలు అచ్చు వేయడానికి కాగితం లేదు, దిగుమతి చేసుకుందామంటే డాలర్లు లేవు. అదే నెలలో కొన్ని దినపత్రికలు కాగితం కొరతతో అచ్చు సంచికలు ఆపేశాయి. నెలాఖరుకు కరెంటు కోత రోజుకు 13 గంటలకు చేరింది. పెట్రోలు బంకుల ముందు వరుసల్లో నిలబడినవారు కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. ఏప్రిల్ 12న ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపును ఆపేస్తున్నట్టు ప్రకటించింది, సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో పేదల శాతం ఒక్క ఏడాదిలో 13 నుంచి 25కు పెరిగింది.

తప్పుడు నిర్ణయాలు సంపన్న దేశాల్లోనూ జరుగుతాయి. బ్రిటన్ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో ప్రకటించిన పన్నుల కోతలకు మార్కెట్లు బెంబేలెత్తగా, కేంద్ర బ్యాంకు రంగంలోకి దిగి తన సొంత పౌండ్లతో బాండ్లు కొని పరిస్థితిని సర్దుబాటు చేసింది, ఆరు వారాల్లో ప్రధాని మారారు. బడి పరీక్షలు ఆగలేదు. పాలకుల పొరపాటుకు ప్రజలు చెల్లించే మూల్యం దేశాన్ని బట్టి ఎంతగా మారుతుందో ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

యుద్ధం ఉక్రెయిన్‌లో జరిగితే ఆకలి ఇతర ఖండాల్లో ఎందుకు పెరిగింది?

యుద్ధానికి ముందు ప్రపంచ గోధుమ ఎగుమతుల్లో పావు వంతుకు పైగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేవి. ఆ గోధుమలపై ఎక్కువగా ఆధారపడినవి ఈజిప్టు, లెబనాన్, సోమాలియా వంటి దేశాలు. నల్ల సముద్రపు రేవులు మూతపడటంతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ధరల సూచీ 2022 మార్చిలో అప్పటివరకు ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లింది. తర్వాత ఐక్యరాజ్యసమితి, తుర్కియే మధ్యవర్తిత్వంతో జులైలో కుదిరిన ఒప్పందం కింద ఏడాది కాలంలో సుమారు 3.3 కోట్ల టన్నుల ధాన్యం బయటికి వచ్చింది. 2023 జులైలో రష్యా దాని నుంచి తప్పుకుంది.

ధర అందరికీ పెరిగినా ఇంటి ఖర్చుపై దాని ప్రభావం ఒకేలా ఉండదు. అమెరికాలో ఆహారంపై పెట్టే ఖర్చు ఆదాయంలో సగటున 11 శాతం మాత్రమే. మన దేశంలో 2022–23 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామాల్లో కుటుంబ ఖర్చులో 46 శాతం, పట్టణాల్లో 39 శాతం తిండికే పోతుంది. ఆహార ధర మూడో వంతు పెరిగినప్పుడు మొదటి ఇంట్లో ఏ విహారయాత్రో వాయిదా పడుతుంది, రెండో ఇంట్లో పాలు, గుడ్లు, పప్పు తగ్గిపోతాయి.

ఎరువుల సంగతి కూడా ఇలాంటిదే. 2022లో అంతర్జాతీయ ధరలు చుక్కలనంటినా మన రైతుకు యూరియా బస్తా రూ.266.50కే, డీఏపీ బస్తా రూ.1,350కే దొరికింది, అందుకు కేంద్ర ప్రభుత్వం 2022–23లో సుమారు రూ.2.5 లక్షల కోట్ల సబ్సిడీ భరించింది. అంత భరించే స్తోమత లేని ఆఫ్రికా దేశాల్లో పెరిగిన ధర నేరుగా రైతు నెత్తిన పడింది, చాలామంది ఎరువు తగ్గించి వేశారు, దాని ఫలితం మరుసటి పంటలో కనిపించింది.

ఇంధనం విషయంలో జరిగింది మరింత బాధాకరం. రష్యా గ్యాస్ తగ్గిన యూరప్ దేశాలు ఎంత ధరకైనా ద్రవీకృత సహజవాయువును కొనడానికి సిద్ధపడ్డాయి. 2022 జులైలో పాకిస్తాన్ పిలిచిన టెండరుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. ఆ నెలలోనే బంగ్లాదేశ్ బహిరంగ మార్కెట్లో గ్యాస్ కొనుగోళ్లు ఆపేసి, డీజిల్ విద్యుత్ కేంద్రాలను మూసి, కరెంటు కోతలు విధించింది. యూరప్ ఇళ్లలో వెచ్చదనం నిలవడానికి దక్షిణాసియా ఇళ్లలో పంకాలు ఆగాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

భారత్ బియ్యం ఎగుమతులను నిషేధించడం వల్ల కూడా పేద దేశాలు నష్టపోయాయా?

నష్టపోయాయి. తెలుగు పాఠకులు ఈ సంగతిని నిజాయతీగా ఎదుర్కోవాలి, ఎందుకంటే ఇది మన గడప నుంచే వెళ్లే సరుకు. ప్రపంచ బియ్యం వర్తకంలో భారత్ వాటా సుమారు 40 శాతం. దేశంలో బియ్యం ఎగుమతికి పేరుపడ్డ రేవు కాకినాడ. అక్కడి యాంకరేజి పోర్టులో బస్తాలను బార్జిల్లో నింపి, లోపల సముద్రంలో లంగరు వేసిన ఓడల దాకా చేరవేస్తారు. ఆ ఓడల్లో చాలావరకు బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్ వంటి పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్తాయి. మన దగ్గర నూకలు పశువుల దాణాకో, కోళ్ల మేతకో, మద్యం తయారీకో పోతాయి. సెనెగల్‌లో మాత్రం చేపలతో కలిపి వండే జాతీయ వంటకానికి నూకలనే ఏరికోరి వాడతారు.

కేంద్రం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. దేశంలో ధరలు అదుపులో ఉంచడం దాని ఉద్దేశం, అది కాదనలేని బాధ్యత. అయితే కొద్ది వారాల్లోనే థాయ్ బియ్యం ధర దాదాపు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. ఆ జులైలో అమెరికాలోని తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరిన దృశ్యాలు మన టీవీల్లో పదేపదే వచ్చాయి. సెనెగల్ రాజధాని డాకర్‌లో రోజు కూలీతో బతికే కుటుంబం సంగతి వాటిలో రాలేదు. పదేళ్లు నిల్వలు పెంచుకోగలిగిన పెద్ద వర్ధమాన దేశం తన ప్రజలను కాపాడుకున్నప్పుడు, ఆ భారం ఇంకా చిన్న దేశం మీదికి జారుతుంది. తెల్ల బియ్యంపై నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తివేశారు.

కోవిడ్ సంపన్న దేశాల్లోనూ లక్షల మందిని బలిగొన్నది కదా?

నిజమే, మరణాల విషయంలో అమెరికా, ఇటలీ, బ్రిటన్ తీవ్రంగా దెబ్బతిన్నాయి. జీవనోపాధి విషయంలో మాత్రం తేడా స్పష్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం ప్రపంచ శ్రామికుల్లో సుమారు 200 కోట్ల మంది అసంఘటిత రంగంలో ఉన్నారు. ఆఫ్రికాలో వారి వాటా 85 శాతానికి పైగా ఉంటుంది. ఉద్యోగమే కాగితం మీద లేనప్పుడు నిరుద్యోగ భృతి ఇవ్వడానికి ప్రభుత్వం వద్ద పేర్లు కూడా ఉండవు. 2020 వేసవిలో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి జాతీయ రహదారుల మీద కాలినడకన సొంతూళ్లకు బయలుదేరిన ఒడిశా, బిహార్, జార్ఖండ్ కార్మికులను మనం కళ్లారా చూశాం.

బంగ్లాదేశ్‌లో సుమారు 300 కోట్ల డాలర్ల దుస్తుల ఆర్డర్లను పాశ్చాత్య కంపెనీలు కొద్ది వారాల్లో రద్దు చేయడమో, ఆపివేయడమో చేశాయి. వాటిలో కొన్ని అప్పటికే కుట్టి సిద్ధం చేసినవి. ఉగాండాలో బడులు 2020 మార్చిలో మూతపడి 2022 జనవరిలో గానీ పూర్తిగా తెరుచుకోలేదు, మధ్యలో బడి మానేసిన పిల్లలందరూ తిరిగి రాలేదు. ఇలాంటి నష్టం ఆ ఏడాది లెక్కల్లో కనిపించదు గానీ ఒక తరం పాటు వెంటాడుతుంది.

వాతావరణ మార్పు విషయంలోనూ ఇదే అసమానత ఉందా?

ఇంకా ఎక్కువగా ఉంది. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో పాకిస్తాన్ వాటా ఒక శాతంలోపే. 2022 వరదల్లో అక్కడ 1,700 మందికి పైగా చనిపోయారు, 3.3 కోట్ల మంది బాధితులయ్యారు, నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటిందని అంచనా వేశారు.

ప్రాణనష్టాన్ని తగ్గించడం పేద ప్రాంతాలకు కూడా సాధ్యమేనని మన తీరమే రుజువు చేసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. 1990 మేలో అదే కోస్తాను తాకిన పెను తుపానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, సకాలంలో జనాన్ని తరలించడం ఆ తేడాకు కారణాలు. అయితే ప్రాణాలతో బయటపడినవారి పంట, పశువు, ఇల్లు, పడవ, వలలకు బీమా లేకపోతే వారు వడ్డీ వ్యాపారిని ఆశ్రయించక తప్పదు. కౌలు రైతుల పరిస్థితి మరీ దారుణం. పొలం కాగితాలు యజమాని పేరిట ఉండటంతో పరిహారం కూడా చాలాసార్లు వారి చేతికి రాదు. ధనిక దేశంలో తుపాను నష్టంలో గణనీయ భాగాన్ని బీమా సంస్థలు భరిస్తాయి, ఇక్కడ దాదాపు మొత్తాన్నీ బాధిత కుటుంబమే భరిస్తుంది.

అంతర్జాతీయ సహాయం అందుతోంది కదా?

అందుతోంది, అయితే ఎక్కువగా చేతులు కాలాకే. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2021 ఆగస్టులో 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక ఉపసంహరణ హక్కులను (అవసరమైతే డాలర్ల వంటి కరెన్సీగా మార్చుకోగల నిల్వలను) సభ్య దేశాలకు కేటాయించింది. ఆ పంపకం అవసరాన్ని బట్టి కాకుండా సంస్థలో ఉన్న వాటాను బట్టి జరగడం వల్ల మొత్తం ఆఫ్రికా ఖండానికి దక్కింది సుమారు 3,300 కోట్ల డాలర్లే. జి–20 దేశాలు 2020 మే నుంచి 2021 చివరి వరకు పేద దేశాలు తమకు కట్టవలసిన అప్పులో 1,290 కోట్ల డాలర్ల వసూలును వాయిదా వేశాయి. అది మాఫీ కాదు, ప్రైవేటు రుణదాతలు అందులో చేరనూ లేదు. టీకాలపై మేధాసంపత్తి హక్కులను తాత్కాలికంగా సడలించాలని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో కోరితే, ఎంతో కుదించిన ఒప్పందం 2022 జూన్‌లో కుదిరింది. వాతావరణ నష్టపరిహార నిధికి 2023 చివర్లో దుబాయ్ సదస్సులో వచ్చిన హామీలు సుమారు 70 కోట్ల డాలర్లు. ఒక్క పాకిస్తాన్ వరదల నష్టంతో పోల్చితే అది ఎంత స్వల్పమో వేరుగా చెప్పనక్కర్లేదు.

శ్రీలంక చెల్లింపులు ఆపేసిన తర్వాత ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ మధ్యకాలంలో ఇంధనం, మందులు, ఆహారం కోసం భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల మేరకు ఆదుకుంది.

అన్ని వర్ధమాన దేశాలూ ఒకేలా నష్టపోతాయా?

లేదు. రాగి ధర బాగున్న రోజుల్లో, అప్పటికి ఇంకా అధికాదాయ తరగతిలోకి రాని చిలీ ప్రభుత్వం అదనపు రాబడిని నిధిగా దాచి, 2009 మాంద్యంలో ఆ సొమ్మును ప్రజల కోసం ఖర్చు చేసింది. మన అనుభవం కూడా గుర్తు చేసుకోదగినదే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము తగ్గింది, లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. 1991 నాటికి విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకే సరిపోయే స్థితికి చేరగా, జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టారు. ఆ అవమానం నేర్పిన జాగ్రత్త వల్లనే తర్వాతి దశాబ్దాల్లో నిల్వలు పెంచుకున్నారు. 2022లో రూపాయి 74 నుంచి 83 దాకా పడినా, 63,000 కోట్ల డాలర్ల స్థాయి నుంచి 52,500 కోట్లకు నిల్వలు తగ్గినా దిగుమతులు ఆగలేదు. అయితే ఆ నిల్వలకూ ఒక ఖర్చుంది: బడులకో, ఆసుపత్రులకో ఉపయోగపడగల సంపదను తక్కువ రాబడినిచ్చే విదేశీ బాండ్లలో ఉంచవలసి వస్తుంది.

ఒక దేశం ప్రమాదంలో పడబోతోందని ముందుగా గమనించడం ఎలా?

పత్రికల్లో వచ్చే మూడు లెక్కలను చూడటం అలవాటు చేసుకోవచ్చు. విదేశీ మారక నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయన్నది మొదటిది. మూడు నెలల కంటే తగ్గితే ఆందోళన పడవలసిందే. మొత్తం ప్రభుత్వ అప్పులో డాలర్లలో తీర్చవలసినది ఎంత అన్నది రెండోది. ప్రభుత్వ రాబడిలో వడ్డీలకే పోతున్నది ఎంత అన్నది మూడోది, మన దృష్టికి తక్కువగా వచ్చేదీ అదే. ఐక్యరాజ్యసమితి వర్తక, అభివృద్ధి సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, విద్య మీదనో ఆరోగ్యం మీదనో పెట్టే దానికంటే వడ్డీల మీదే ఎక్కువ ఖర్చు పెడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది నివసిస్తున్నారు. ఆ దేశాల్లో చాలావాటి పేర్లు సంక్షోభ వార్తల్లో ఇంకా రాలేదు, ఎందుకంటే అవి అప్పు ఎగ్గొట్టకుండా ఆసుపత్రుల్లో మందులు తగ్గించి, బడుల్లో ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ చేయకుండా వాయిదాలు సకాలంలో కడుతున్నాయి.